మనం రాసే చీటీలోనూ బరువుంది
(అనంతపురంలో యువ వైద్యులతో చేసిన ప్రసంగం)

మిత్రులారా, మోకాళ్ల నొప్పులతో వచ్చిన పెద్దమ్మను చూడగానే మనం "బరువు తగ్గాలమ్మా, బాగా నడువు" అనేసి తర్వాతి పేషెంటును పిలుస్తాం. ఆ మోకాళ్లతో ఎట్లా నడవాలో మాత్రం చెప్పం. లావైపోయావన్న మాట ఇంట్లోనూ పెళ్లిళ్లలోనూ ఆమె వింటూనే ఉంది. మన దగ్గరా అదే అయితే ఇక షుగర్ ముదిరాకే మళ్లీ వస్తుంది.

ముందు "బరువు గురించి మాట్లాడుకుందామా?" అని అడగండి. సరేనంటే కొలతలు తీయండి. మన దేశంలో బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుం ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. లావుపాటి చేతికి మామూలు బీపీ పట్టీ చుడితే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ కొనకపోతే లేని బీపీకి మాత్రలు రాస్తాం.

తర్వాత పాత చీటీలన్నీ బల్ల మీద పెట్టించండి. ఇక్కడ తొందరపడొద్దు. ఆయాసానికో, ఒళ్లు నొప్పులకో నెలల తరబడి వాడుతున్న స్టెరాయిడ్ మాత్ర బయటపడొచ్చు. అదీ, షుగర్‌కు ఇచ్చే ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, మూర్ఛకు ఇచ్చే వాల్ప్రోయేట్, మానసిక జబ్బులకు ఇచ్చే ఓలాంజపిన్, డిప్రెషన్‌కూ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, ఇవన్నీ బరువు పెంచగలవు. అట్లని ఉన్నపళంగా ఆపించకూడదు. రాసిన డాక్టరుతో మాట్లాడి, వీలుంటే మార్చాలి. గురక, పగటి నిద్ర ఉన్నాయా అనీ అడగండి, రాత్రి నిద్రలో ఊపిరి ఆగుతోందేమో తెలుస్తుంది.

ఇక తిండి. ఓట్స్, బ్రొకోలీ అని రాసిచ్చిన డైట్ షీటు చివరికి బుడ్డల పొట్లానికి పనికొస్తుంది. బొరుగులతో చేసే ఉగ్గాణి మానమంటే ఈ ఊళ్లో మానేవాళ్లెవరు? నేనైతే మానను. పక్కన బజ్జీలు తగ్గించమనొచ్చు. సంగటి ఎంత తింటావని అడిగితే "ఒక ముద్దే సార్" అంటారు. చేతులతో సైజు చూపించమనండి, రెండు అరచేతులూ కావాల్సి వస్తాయి. అందులో రాగిపిండి ఎంత, బియ్యం ఎంత? నెలకు ఇంట్లో నూనె ప్యాకెట్లు ఎన్ని, తినేవాళ్లు ఎందరు?

90 కిలోల మనిషికి 60కి రావాలని చెప్పి భయపెట్టొద్దు. నాలుగున్నర కిలోలు తగ్గినా షుగర్, బీపీ మెరుగుపడటం మొదలవుతుంది. బరువు తగ్గేకొద్దీ ఒళ్లు ఆకలిని పెంచి పాత బరువుకే లాగుతుంది. తగ్గినవాళ్లు మళ్లీ పెరిగారంటే బద్ధకమే కారణమనుకోవద్దు. బరువు కోసం 2025లో మన మార్కెట్‌లోకి వచ్చిన సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు బాగానే పనిచేస్తాయి. కానీ ఖరీదు, వాంతులు, ఆపితే చాలామందికి బరువు తిరిగి రావడం, ఇవన్నీ మొదటి సూదికి ముందే చెప్పాలి.

మళ్లీ ఎప్పుడు రావాలో చీటీ మీద తేదీ వేయండి. బరువు పెరిగినవాళ్లే సిగ్గుపడి రావడం మానేస్తారు. వాళ్లకు నర్సు చేత ఫోన్ చేయించండి.