బానెట్ విప్పే ముందు గీత గీయండి

శ్రోతలకు నమస్కారం.

కారు బానెట్‌ను ఇంటి దగ్గరే విప్పి, మళ్లీ సరిగ్గా బిగించుకోవడం ఎలాగో ఈ రోజు మాట్లాడుకుందాం. ఆల్టో, వ్యాగనార్, శాంత్రో లాంటి చిన్న కార్లను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. ఢీకొన్నప్పుడు బానెట్ దానంతట అదే పైకి లేచే ఏర్పాటు కొన్ని ఖరీదైన కార్లలో ఉంటుంది. వాటి జోలికి మాత్రం ఇంట్లో వెళ్లకండి.

సొట్ట తీయించాలన్నా, రంగు వేయించాలన్నా, ఇంజన్ పైకి లేపాలన్నా బానెట్ తీయక తప్పదు. అద్దం వైపు రెండు మూలల్లో రెండు బందులు (హింజ్‌లు), సాధారణంగా ఒక్కో బందుకు రెండేసి బోల్టులు. 10 లేదా 12 నంబరు పానా చాలు, పావుగంటలో ఊడి వస్తుంది. అంత తేలిగ్గా వస్తుంది కాబట్టే చాలామంది తొందరపడతారు. తిరిగి బిగించాక ఒక పక్క సందు ఎక్కువ, ఇంకో పక్క రాపిడి, లాక్ సరిగ్గా పడదు, ఇక టెన్షన్ మొదలవుతుంది.

దీనికి కారణం బందులోనే ఉంది. బోల్టు దూరే రంధ్రం బోల్టుకు సరిపోయేంత గుండ్రంగా ఉండదు, కాస్త పెద్దదిగానో పొడవుగానో ఉంటుంది. అటూ ఇటూ జరిపి సరిచేసుకోవడానికే కంపెనీ దాన్ని అలా పెడుతుంది. బోల్టు వదులు చేసిన క్షణంలోనే పాత స్థానం పోతుంది. అందుకే పానా పట్టకముందే మార్కర్ పెన్నుతో బందు చుట్టూ, బానెట్ లోపలి రేకు మీద గీత గీయండి. ప్రతి బోల్టు తల చుట్టూ కూడా గీయండి. ఫోన్‌తో రెండు ఫొటోలు తీసుకోండి. ఈ పనిలో ఇంతకంటే విలువైన నిమిషం లేదు.

తర్వాత వైపర్ నీళ్ల పైపు చూడండి. చాలా కార్లలో అది బానెట్ లోపలి నుంచే వెళ్తుంది. పాతబడిన పైపు గట్టిగా లాగితే చిట్లుతుంది, మెల్లగా తిప్పుతూ తీయండి. ముందు అద్దం కింది భాగం మీద, రెండు ఫెండర్ల (ముందు చక్రాల పైనుండే పక్క రేకుల) మీద మందపాటి పాత దుప్పట్లు పరచండి. గాలి గట్టిగా వీస్తుంటే ఆ రోజుకు పని మానేయండి. చిన్న కారు బానెట్ బరువు ఎక్కువేమీ ఉండదు, కానీ అంత వెడల్పు రేకును గాలి పట్టిందంటే చేతిలో నిలవదు.

మనుషులు ఇద్దరు ఉండాల్సిందే, ఒక్కరు చేసే పని కాదిది. చెరో పక్క నిలబడి, ముందు అన్ని బోల్టులూ కొంచెం వదులు చేయండి. ఒక్కో బందుకు ఒక్క బోల్టు మాత్రం వేళ్లతో తిరిగేంత బిగువుగా వదిలి, మిగతావి తీసేయండి. ఇద్దరూ బానెట్‌ను గట్టిగా పట్టుకున్నాకే ఆఖరివి తీయాలి. అప్పుడు జారేది వెనక మూలలు, తగిలేది అద్దానికే, కాబట్టి ఒక చెయ్యి ఆ మూల కిందే ఉంచండి. తీసిన బానెట్‌ను సిమెంటు నేల మీద పెట్టకండి, దుప్పటి వేసి గోడకు ఆనించండి.

బిగించేటప్పుడు ముందు అన్ని బోల్టులూ వేళ్లతోనే ఎక్కించి, బందును పాత గీతల్లోకి తెచ్చి, ఒక మోస్తరుగా బిగించండి. ఇంకా మూయకండి. లాక్ నోట్లో స్క్రూడ్రైవర్ పెట్టి కిందికి నొక్కండి, టక్కున పడుతుంది. ఇప్పుడు కారు లోపల బానెట్ లివర్ లాగితే అది విడిపోవాలి. విడిపోకపోతే ముందు కేబుల్ సంగతి చూడండి. లేదంటే మూసిన బానెట్ మళ్లీ తెరుచుకోదు, దాన్ని తెరవడం పెద్ద తలనొప్పి.

తర్వాత మెల్లగా దించి సందులు చూడండి. నాలుగు ఏటీఎం కార్డులు కలిపి పట్టుకుంటే సుమారు 3 మిల్లీమీటర్ల మందం. ఆ కట్టను రెండు పక్కలా, ముందూ వెనకా దూర్చి చూస్తే తేడా కంటికన్నా ముందు చేతికి తెలుస్తుంది. ఎడమ సందు ఎక్కువైతే బానెట్‌ను ఎడమకు జరపాలి. బానెట్ మూతి, అంటే ముందు కొస, మాత్రమే కుడికి తిరిగి ఉంటే, కుడి బందు దగ్గర బానెట్‌ను వెంట్రుకవాసి ముందుకు జరపండి, మూతి ఎడమకు వస్తుంది. ముందు మూలలు ఎత్తుగానో పల్లంగానో ఉంటే అక్కడి రబ్బరు బుడిపెలను తిప్పి సరిచేయవచ్చు. కొత్త బానెట్ అయితే పాత గీతలు పనికిరావు, కాబట్టి ఇక్కడ గంట పట్టినా విసుక్కోకండి.

అన్నీ కుదిరాక బోల్టులు పూర్తిగా బిగించి బానెట్ మూయండి. లివర్ లాగి, లాక్ విడిపోయాక కూడా బానెట్‌ను పట్టి ఉంచే రెండో కొక్కేన్ని చేత్తో తాకకుండా బానెట్‌ను పైకి లేపి చూడండి. అది కొంచెం లేచి ఆగిపోవాలి. ఆ కొక్కెం పట్టకపోతే కారు రోడ్డెక్కించవద్దు. హైవే మీద మొదటి లాక్ విడిపోతే బానెట్ లేచి అద్దాన్ని కప్పేయకుండా ఆపేది అదొక్కటే. ముందు మీ వీధుల్లోనే కాసేపు నడిపి వచ్చి, నాలుగు బోల్టులకూ ఇంకోసారి పానా పెట్టి చూడండి. బోల్టు తలల మీద రంగు లేచిపోయిన చోట కొంచెం టచప్ పెయింట్ పూయండి, వానాకాలంలో తుప్పు మొదలయ్యేది అక్కడే.