సైట్ పెట్టడం ఒక్క సాయంత్రం పని, నడపడమే అసలు పని

అందరికీ నమస్కారం. కాలేజీ న్యూస్ సైట్ పెడతాం అని ఇంతమంది ముందుకొచ్చారంటే సంతోషమే, కానీ ముందు ఈజీ పార్ట్ అవగొట్టేద్దాం. సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ 2003 నుంచి ఫ్రీగానే దొరుకుతోంది, డొమైన్ (అంటే సైట్ అడ్రస్) కొని ఏదో ఒక థీమ్ వేసుకుంటే సాయంత్రానికి సైట్ రెడీ. లోగో కోసం వారాల తరబడి కొట్టుకోకండి ప్లీజ్, లోగో చూసి ఎవరూ చదవరు.

డొమైన్ ఎవరి మెయిల్‌తో కొంటున్నారో మాత్రం చూసుకోండి. ఫైనలియర్ అన్న తన పర్సనల్ మెయిల్‌తో కొంటే, ఆయన ఉద్యోగంలో చేరాక రెన్యువల్ నోటీసులు ఆయన ఇన్‌బాక్స్‌లోనే పడుంటాయి, ఓ రోజు పొద్దున్నే చూస్తే సైటే ఉండదు. అందుకే టీమ్ పేరు మీద ఒక మెయిల్, పాస్‌వర్డ్ కనీసం ఇద్దరి దగ్గర.

ఇక "మన కాలేజీలో న్యూస్ ఏముంటుంది" అంటారు చూడండి, ఆ మాటకి నాకు నవ్వొస్తుంది. "సెమినార్ జరిగింది, ముఖ్య అతిథి ప్రసంగించారు, విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు", ఇది రాస్తే ఆ ముఖ్య అతిథి కూడా చదవడు. అదే లైబ్రరీ సాయంత్రం త్వరగా మూసేస్తున్నారని నోటీసు పడిందనుకోండి, ఎందుకు మూస్తున్నారు, స్టాఫ్ తక్కువయ్యారా, ఎవరినైనా అడిగి మార్చారా, పగలంతా ల్యాబ్‌లో ఉండేవాళ్ళు ఎప్పుడు వెళ్ళాలి, ఇవన్నీ తిరిగి కనుక్కుంటే అదీ వార్త.

అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో పిట్స్‌బర్గ్ హైస్కూల్ అని ఉంది. 2017లో అక్కడి స్కూల్ పేపర్ పిల్లలు కొత్త ప్రిన్సిపాల్‌ని పరిచయం చేద్దామని మామూలు ఆర్టికల్ మొదలుపెట్టారు. ఆవిడ పీజీ, డాక్టరేట్ చేశానన్న యూనివర్సిటీ గురించి వెతికితే దాని వెబ్‌సైటే సరిగ్గా పనిచేయలేదు, గుర్తింపు మీదా అనుమానాలొచ్చాయి. ఆవిడనే అడిగారు, రికార్డులు చూశారు, రాశారు. ఆవిడ రాజీనామా చేసింది. వాళ్ళు చేసిందల్లా బయోడేటాలో ఉన్నదాన్ని అలాగే దించకుండా ఒకసారి చెక్ చేయడం, అంతే.

కానీ ఇలాంటిది రాసేముందు అవతలివాళ్ళ మాట తప్పక తీసుకోవాలి. రాత్రి పదకొండింటికి మెయిల్ కొట్టి పొద్దున్న ఆరింటికి "యాజమాన్యం స్పందించలేదు" అని వేసేస్తే అది రిపోర్టింగ్ కాదు, పగ తీర్చుకోవడం. పనిరోజుల్లో తగినంత టైమివ్వండి, వాళ్ళేం చెప్పారో పూర్తిగా వేయండి. తప్పు పడితే గుట్టుగా మార్చేయకుండా ఏం మార్చారో ఆ పేజీలోనే రాయండి.

ఒత్తిడి ఎలాగూ వస్తుంది. డబ్బు, సర్వర్ రెండూ కాలేజీవే అయితే ఒక్క ఫోన్‌కాల్‌తో వేసిన వార్త పోతుంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ విద్యార్థుల పత్రిక స్టాన్‌ఫర్డ్ డైలీ 1973లోనే యూనివర్సిటీ నుంచి విడిపోయి స్వతంత్రంగా నడుస్తోంది. తర్వాత దాదాపు యాభై ఏళ్ళకి, 2022 చివరి నుంచి, ఆ యూనివర్సిటీ ప్రెసిడెంట్ పేరున్న రీసెర్చ్ పేపర్లలో లోపాల మీద అదే పత్రిక వరసగా రాసింది, విచారణ జరిగింది, 2023లో ఆయన పదవి వదులుకున్నారు. అంత స్వాతంత్ర్యం మనకి మొదటి రోజే రాదు, నిజమే, కానీ పోస్ట్ చేసే ముందు ఎవరు చూస్తారు, తీసేయమనే హక్కు ఎవరికుంది, ఇవి గొడవ రాకముందే కాగితం మీద పెట్టుకోవచ్చుగా. పాస్ అవుట్ అయినవాళ్ళు ఎప్పుడో "నా పేరు తీసేయండి, ఇంటర్వ్యూల్లో ఇబ్బందిగా ఉంది" అని అడుగుతారు, దానికీ ఒక రూల్ ఉండాలి, లేకపోతే ఫ్రెండ్‌కి ఒకలా, తెలియనివాళ్ళకి ఒకలా జరుగుతుంది.

రీడర్స్ ఎలా పెరుగుతారంటే, మొదట్లో వ్యూస్ లెక్క చూసుకోకండి, నీరసం తప్ప ఏమీ రాదు. వారానికి రెండే వేయండి, కానీ ఆ రెండూ చెప్పిన రోజే పడాలి. ఎగ్జామ్స్ వస్తే గ్యాప్ ఇస్తున్నాం అని ముందే చెప్పేయండి. హాస్టల్, ఫీజులు, ప్లేస్‌మెంట్స్, ఆటలు, ఒక్కొక్కటి ఒక్కొక్కరికి అప్పజెప్పండి, ఆరు నెలలు ఒకే చోట తిరిగితే వార్త వాళ్ళకే ఫోన్ చేస్తుంది.

మిగతా సైట్లకి లేని తిప్పలు మనకొకటుంది, మన ఎడిటర్లందరూ ఎక్స్‌పైరీ డేట్‌తో వస్తారు. చాలా కాలేజీ సైట్లని చంపేది ప్రిన్సిపాల్ కాదండీ, ఫేర్‌వెల్ పార్టీ. అందుకని ఆఖరి సెమిస్టర్‌లో సీనియర్లు ఎడిటింగ్ మానేసి జూనియర్ల చేత నడిపించండి, పక్కన కూర్చోండి, అడిగితేనే చెప్పండి. పాస్‌వర్డ్‌లు, ఫోన్ నంబర్లు, సగంలో ఆగిన స్టోరీలు ఒక ఫైల్‌లో పెట్టి, మీరింకా క్యాంపస్‌లో ఉండగానే వాళ్ళ చేత ఒకసారి లాగిన్ చేయించి చూడండి. సరే, ఇప్పుడు ప్రశ్నలడగండి, ఫస్టియర్ వాళ్ళకే ముందు మైక్.