బండి పని మీ చేతుల్లో ఎంతవరకు?

(ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి కొంత భాగం. సలహాలు ఇస్తున్నవారు అమలాపురంలో చాలాకాలంగా షెడ్డు నడుపుతున్న మెకానిక్.)

వ్యాఖ్యాత: మలికిపురం నుంచి ఫోన్. చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. నాది 125 సీసీ బండి, బీఎస్ 6, అంటే కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం వచ్చింది. రోజూ రొయ్యల చెరువుల గట్ల మీద తిరుగుతాను. చైన్ ఊరికే తుప్పు పడుతోంది. పానాల సెట్టు కొన్నాను. ఇకపై పనులన్నీ నేనే చేసుకుందామని ఉంది, గురువుగారూ.

మెకానిక్: చైన్ పని తప్పకుండా మీరే చేసుకోండి బాబూ. చెరువుల ఉప్పునీరు, సముద్రపు గాలి సర్వీసింగ్ రోజు వచ్చేదాకా ఆగవు కదా. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, ఆరాక 90 నంబరు గేర్ ఆయిల్ పట్టించండి. కాలిన ఇంజిన్ ఆయిల్ మాత్రం పోయకండి. అందులోని ఇనుప రజను చైన్‌ను, పళ్ల చక్రాన్ని అరగదీస్తుంది. చక్రాన్ని చేత్తోనే తిప్పండి. ఇంజిన్ ఆన్ చేసి గేర్లో తిప్పుతూ వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు!

శ్రోత: బిగువు ఎంత ఉండాలండీ?

మెకానిక్: ఈ తరహా బండ్లకు చాలావరకు చైన్ మధ్యలో పైకీ కిందికీ కలిపి 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉంటుంది. మీ బండి లెక్క దానితో ఇచ్చిన పుస్తకంలో చూసుకోండి. వెనక చక్రం ఇరుసు దగ్గర రెండువైపులా ఉండే గీతలు సమానంగా రావాలి, లేకపోతే చక్రం వంకరగా కూర్చుంటుంది.

శ్రోత: మరి బ్రేకులు?

మెకానిక్: వాటిని విప్పకండి. 2019 ఏప్రిల్ నుంచి వస్తున్న 125 సీసీ బండ్లలో చాలావాటికి వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా పడుతుంది. ఆ అమరిక తప్పితే రెండూ చెడతాయి. ఏటిగట్టు మీద ఎదురుగా లారీ వస్తే పక్కకు తప్పుకోవడానికి చోటుండదు, ప్రాణం బ్రేకు మీదే ఉంటుంది. ఆ పని చేయించడానికి డబ్బు లెక్క చూడకండి. ఇంజిన్ లైటు వెలిగినా షెడ్డుకే రండి. బీఎస్ 6లో లోపమేమిటో స్కానర్ పెడితేనే తెలుస్తుంది, పాత కార్బురేటర్‌లా విప్పి కడిగితే సరిపోదు.

వ్యాఖ్యాత: ఇంజిన్ ఆయిల్ మార్చుకోవచ్చా?

మెకానిక్: వారంటీ ఉన్నన్నాళ్లూ కంపెనీ సర్వీసులోనే మార్పించాలి. తర్వాత నేర్చుకోవచ్చు, కానీ మొదటిసారి తెలిసినవాళ్ల పక్కన నిలబడి చూడండి. ఆయిల్ దించే అడుగు బోల్టును బలంకొద్దీ బిగిస్తే మర పోతుంది, దాని బాగుకే బోలెడు ఖర్చు.

వ్యాఖ్యాత: లంక గ్రామం నుంచి ఇంకో ఫోన్.

శ్రోత: అన్నయ్యగారూ, వరదకు మా బండి సీటుదాకా మునిగింది. ఇప్పుడు నీరు తీసింది. స్టార్ట్ చేయమంటారా?

మెకానిక్: వద్దమ్మా, తాళం కూడా తిప్పకండి! సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉందంటే నీళ్లు దిగినట్టే. నెట్టుకుంటూనో ఆటోలో వేసుకునో షెడ్డుకు తీసుకెళ్లండి. మీరు చేయగలిగిందల్లా బ్యాటరీ తీగలు విప్పడం. మొదట మైనస్ తీగ విప్పండి.

శ్రోత: సరేనండీ, విప్పేస్తాను.

మెకానిక్: మలికిపురం బాబు వింటుంటే ఇంకో మాట. చైన్ బిగించడానికి చక్రం వెనక్కి జరిపితే వెనక బ్రేకు కూడా బిగుసుకుంటుంది. బ్రేకు కడ్డీ చివరి నట్టు కాస్త వదులు చేసి, చక్రం స్వేచ్ఛగా తిరుగుతోందో లేదో, తొక్కితే బ్రేకు సరిగ్గా పడుతోందో లేదో చూసుకున్నాకే రోడ్డెక్కండి.