అరవై నాలుగు మంది జిల్లా

శ్రోతలకు నమస్కారం.

టెక్సాస్ అనగానే మనకు డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ గుర్తొస్తాయి. మన ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళు ఎక్కువగా ఉండేది అక్కడే మరి. ఆ డల్లాస్ నుంచి పడమరగా ఆరేడు గంటలు కారు తోలుకుంటూ పోతే, న్యూ మెక్సికో సరిహద్దును ఆనుకుని లవింగ్ అనే కౌంటీ వస్తుంది. కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా అనుకోండి. విస్తీర్ణం దాదాపు 1,750 చదరపు కిలోమీటర్లు. అంటే మన హైదరాబాద్ జిల్లాలు ఎనిమిది పడతాయి. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది 64 మంది. అరవై నాలుగు వేలు కాదండీ, అరవై నాలుగు మంది. అమెరికాలోని కౌంటీలన్నిటిలో అతి తక్కువ జనాభా దీనిదే.

ఎందుకింత తక్కువ? వాన పెద్దగా పడదు. పక్కనే పెకోస్ నది ఉంది గానీ, ఆ నీళ్ళు ఉప్పన. తాగే నీళ్ళు చాలా ఏళ్ళు బయటి నుంచి తోలుకొచ్చుకున్నారు. కౌంటీ మొత్తానికి ఉన్న ఊరు ఒక్కటే, మెంటోన్. అక్కడ 1935లో కట్టిన రెండంతస్తుల కోర్టు భవనం ఉంది. బడి లేదు. పిల్లలు పక్క కౌంటీలోని వింక్ అనే ఊరికి వెళ్ళి చదువుకోవాలి. 1893లో దీన్ని కౌంటీగా ఏర్పాటు చేసి, నాలుగేళ్ళకే రద్దు చేసి, 1931లో మళ్ళీ నిలబెట్టారు. టెక్సాస్‌లో ఉన్న 254 కౌంటీల్లో ఇలా రెండుసార్లు పుట్టింది ఇదొక్కటే. ఆ గొడవంతా చెప్పాలంటే ఇంకో ప్రసంగం కావాలి, వదిలేద్దాం.

అయితే కింద చమురు ఉంది. మామూలు చమురు కాదు, అమెరికాలోకెల్లా పెద్ద చమురు ప్రాంతమైన పెర్మియన్ బేసిన్‌లో భాగమిది. రోడ్డు మీద లారీలే లారీలు. బావుల దగ్గర పనిచేసేవాళ్ళు ట్రైలర్లలో, క్యాంపుల్లో ఉంటారు. వాళ్ళ ఇల్లూ వాకిలీ మాత్రం వేరే చోట. మామూలుగా ఎక్కడ కాపురం ఉంటే అక్కడే మనిషిని లెక్కవేస్తారు కాబట్టి, వీళ్ళెవరూ ఈ లెక్కలోకి రారు. అందుకే చమురు పెరిగినా జనం తగ్గారు. 2010లో 82 మంది, 2020లో 64 మంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతికి వస్తాను. ఈ కౌంటీ ధనికమా, పేదా?

2000 సంవత్సరం లెక్కలు తీసుకుందాం. అప్పుడు అక్కడ 67 మంది, 31 ఇళ్ళు. తలసరి ఆదాయం 24,084 డాలర్లు. దేశం మొత్తం మీద తలసరి ఆదాయం 21,587. అంటే లవింగ్ వాళ్ళు సగటు అమెరికన్ కంటే మెరుగు. బాగుంది కదా? అదే పుస్తకంలో కిందికి రండి. ఇళ్ళవారీగా చూస్తే, మధ్య ఇంటి ఆదాయం 40,000 డాలర్లు. దేశంలో మధ్య ఇంటి ఆదాయం 41,994. అంటే లవింగ్ వాళ్ళు దేశం కంటే కాస్త వెనక. అదే ఊరు, అదే ఏడాది, అదే లెక్క. తలకు చూస్తే పైన, ఇంటికి చూస్తే కింద.

ఇందులో మోసమేమీ లేదు. 67 మందిని 31 ఇళ్ళకు పంచండి, ఇంటికి ఇద్దరు, ఆ పైన కొంచెం. దేశంలో సగటు ఇంటికి రెండున్నర మంది దాటి ఉన్నారు. తినే నోళ్ళు తక్కువైతే తల లెక్క పెరుగుతుంది. ఇంకో కారణం కూడా ఉండొచ్చు. తలసరి అంటే మొత్తం డబ్బు కలిపి తలలతో భాగించడం. చమురు రాయల్టీ బాగా వచ్చే ఇల్లు ఒక్కటున్నా సరే, అందరి తలసరీ లేచి కూర్చుంటుంది. మధ్య ఇంటి లెక్క అలా లేవదు. ఇళ్ళను ఆదాయం ప్రకారం వరసగా నిలబెట్టి, నడిమి ఇంటిని అడగడమే అది. 31 ఇళ్ళయితే పదహారో ఇల్లు. మొదటి ఇల్లు కోట్లకు పడగెత్తినా పదహారో ఇంటికి ఒరిగేదేమీ లేదు.

పైగా ఆదాయం ప్రశ్న ఆ ఏడాది ప్రతి ఇంటినీ అడగలేదు. పెద్ద ఫారం కొన్ని ఇళ్ళకే వెళ్ళింది. ఉన్నవే 31 ఇళ్ళు, అందులో కొన్ని. నలభై వేలు అంత గుండ్రంగా రావడం చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇంకా విచిత్రం, 2020లో ఆ 64 కూడా తు.చ. తప్పని లెక్క కాకపోవచ్చు. ఇంత చిన్నచోట వయసు, కులగోత్రాల్లాంటి వివరాలు అచ్చేస్తే ఎవరు ఎవరో ఊరందరికీ తెలిసిపోతుంది. అందుకని సెన్సస్ వాళ్ళు రాష్ట్రం మొత్తం జనాభాను ఉన్నదున్నట్టు ఉంచి, కౌంటీలు, ఊళ్ళ అంకెల్ని కావాలనే కాస్త అటూ ఇటూ కదిపారు. నాకైతే ఇది న్యాయంగానే అనిపించింది. టెక్సాస్‌కు పది మంది ఎక్కువా తక్కువా లెక్కలోకి రాదు. లవింగ్‌లో పది మంది అంటే ఆరో వంతు ఊరు!

ఇదంతా మనకెందుకంటారా? మీ అమ్మాయికో అబ్బాయికో అమెరికాలో ఏదో చిన్న ఊళ్ళో ఉద్యోగం వచ్చిందనుకోండి. ఇంట్లో అందరూ ఫోన్లు తీసి ఆ కౌంటీ ఆదాయం ఎంతో వెతుకుతారు. వెతకండి. కానీ అది తలసరా, మధ్య ఇంటిదా ముందు చూడండి. తరవాత, సెన్సస్ వాళ్ళ సొంత పట్టికలో ఆ అంకె పక్కనే ప్లస్ ఆర్ మైనస్ అని ఇంకో అంకె ఉంటుంది, అసలు లెక్క అంత ఎక్కువో తక్కువో కావచ్చని దాని అర్థం, అది చూడండి. అరవై ఐదు వేల జనాభా లేని చోట్ల మామూలుగా ఏ ఏడాదికి ఆ ఏడాది పూర్తి లెక్క ఇవ్వరు, ఐదేళ్ళ సర్వే కలిపి ఇస్తారు. అయినా చిన్న కౌంటీల్లో ఆ ప్లస్ ఆర్ మైనస్ చాలా పెద్దదిగా ఉంటుంది. అది అసలు అంకెలో సగం దాకా వచ్చిందంటే, ఆ పట్టిక మూసేసి, ఆ ఊళ్ళో ఇంటద్దె ఎంతో, ఆసుపత్రి ఎన్ని మైళ్ళలో ఉందో ఫోన్ చేసి కనుక్కోండి.

సెలవు, నమస్కారం.