కైండ్ ఆఫ్ బ్లూ ఎల్పీ రివ్యూ: మొదటి సైడ్ శ్రుతి కలవట్లేదు

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ రికార్డు నేను కొన్నది కాదు. ఎల్పీలు అమ్మే ఒక ఆన్‌లైన్ షాపు వాళ్ళు రివ్యూ చేయమని ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. ధర, బరువు, కవర్ ఎంత మందం, ఇవన్నీ మీరు ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు, డిస్క్రిప్షన్‌లోనూ పెట్టాను. ప్రెసింగ్, అంటే రికార్డు అచ్చు, శుభ్రంగా ఉంది, చిటపటలు లేవు, ప్లేటు ఎక్కడా వంగలేదు. నేను మాట్లాడాలనుకున్నది శ్రుతి గురించి.

అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బం కైండ్ ఆఫ్ బ్లూ నేను మొదటిసారి విన్నది ఇంజనీరింగ్ హాస్టల్లో, రూమ్మేట్ దగ్గరున్న పాత సీడీలో. చిన్నప్పుడు విజయవాడలో ఏడేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను కాబట్టి ఏ పాట విన్నా చెయ్యి ఊరుకోదు. ఈ ఆల్బంలో మొదటి పాట సో వాట్. కర్ణాటక సంగీతం వచ్చినవాళ్ళకి దాని కట్టుబడి చాలా తేలిగ్గా అర్థమవుతుంది. రెండు శ్రుతిలో (వెస్టర్న్‌లో D) ఖరహరప్రియ స్వరాలు పదహారు బార్లు (బార్ అంటే ఒక తాళం ఆవర్తనం లాంటిది), అవే స్వరాలు రెండున్నరకి ఎత్తి ఎనిమిది బార్లు, మళ్ళీ రెండుకి దిగి ఇంకో ఎనిమిది. పాటంతా ఇదే చుట్టు. రాగం అనను, గమకాలు మన పద్ధతిలో ఉండవు, కానీ స్వరస్థానాలు అవే. సరేనని వయొలిన్ రెండుకి శ్రుతి చేసి, సీడీ పెట్టి వాయించబోతే కలవలేదు. తీగలు కాస్త బిగిస్తే గానీ కలవలేదు. వయొలినే దిగిపోయిందేమోనని శ్రుతి పెట్టెతో మళ్ళీ చూసుకున్నాను, వయొలిన్ సరిగ్గానే ఉంది. అదేంటో తెలియక చాలా ఏళ్ళు అలాగే వదిలేశాను.

అసలు సంగతి ఇది. ఈ ఆల్బంని న్యూయార్క్‌లో 30వ వీధిలో ఉన్న కొలంబియా వాళ్ళ స్టూడియోలో రెండే రోజుల్లో రికార్డు చేశారు, 1959 మార్చి 2న ఒకసారి, ఏప్రిల్ 22న ఇంకోసారి. ఆ స్టూడియో అంతకుముందు చర్చి. పైకప్పు దాదాపు వంద అడుగుల ఎత్తు. పియానిస్ట్ గ్లెన్ గూల్డ్ 1955లో బాహ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ వాయించింది కూడా అక్కడే. మార్చి 2న రెండు టేపు మెషిన్లు తిరుగుతున్నాయి, ఒకటి మాస్టర్, ఒకటి దానికి తోడుగా సేఫ్టీ కోసం పెట్టింది. ఆ రోజు మాస్టర్ మెషిన్ ఉండాల్సిన స్పీడు కంటే కొద్దిగా నెమ్మదిగా తిరిగింది. అప్పుడు ఎవరికీ తెలియలేదు. నెమ్మదిగా తిరిగే టేపు మీద రికార్డు చేసి, మామూలు స్పీడులో తిరిగే మెషిన్ మీద వినిపిస్తే ఏమవుతుంది? పాట కాస్త తొందరగా నడుస్తుంది, శ్రుతి పైకి పోతుంది. ఆ రోజు వాయించిన మూడు పాటలూ, సో వాట్, ఫ్రెడ్డీ ఫ్రీలోడర్, బ్లూ ఇన్ గ్రీన్, మొత్తం మొదటి సైడే, అలాగే బయటికి వెళ్ళిపోయింది. 1992లో, అంటే 33 ఏళ్ళ తర్వాత, కొలంబియా వాళ్ళు సరైన స్పీడులో తిరిగిన ఆ సేఫ్టీ టేపు తీసి దాంతో గోల్డ్ సీడీ వేసేదాకా ప్రపంచమంతా విన్నది ఆ పెరిగిన శ్రుతినే.

కొంచెమే కదా, ఎవరికి తెలుస్తుంది అంటారేమో. దానికి నా దగ్గర ఒక సంగతి ఉంది, కాస్త ఓపిక పట్టండి.

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ పాడిన మంగళహారతి మామయ్య టేప్‌రికార్డర్‌లో రికార్డు చేశాడు. ఆ రోజు కరెంటు లేదు, బ్యాటరీలేమో అయిపోవచ్చాయి. తర్వాత ఆ క్యాసెట్ కరెంటు మీద పెట్టి వింటే అమ్మమ్మ గొంతు పలచగా, చిన్నపిల్ల గొంతులా వచ్చేది. అందరం అలాగే అలవాటు పడిపోయాం. అమ్మమ్మ పోయాక నేను ఆ క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. పాట వెనక హార్మోనియం ఉంది, ఆ హార్మోనియం ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. దాని మెట్టు నొక్కి పట్టుకుని, రెండూ కలిసేదాకా కంప్యూటర్‌లో స్పీడు తగ్గించుకుంటూ వచ్చాను. కలిసిన చోట మా అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయింది. అదీ అమ్మమ్మ గొంతు. అందులో ఒక బరువు ఉంటుంది, ఊపిరి తీసుకోవడం తెలుస్తుంది. స్పీడు పెరిగితే ముందు పోయేవి అవే. అందుకే ఈ విషయంలో నేను సర్దుకోలేను.

సరే, ఇప్పుడు ఈ ఎల్పీ. నా టర్న్‌టేబుల్ స్పీడు ముందే చెక్ చేశాను, సరిగ్గా 33 మీదే ఉంది. ఇదిగో శ్రుతి పెట్టె, రెండులో పెట్టాను. సూది దించుతున్నాను... బేస్ మీద పాల్ చాంబర్స్, వినండి, ఆయన అడిగినట్టు వాయిస్తాడు, మిగతావాళ్ళు రెండు స్వరాలతో జవాబు చెప్తారు. వినిపిస్తోందా ఆ ఒరుసుకోవడం? ఇప్పుడు ఫైన్ ట్యూనింగ్ నాబ్ మెల్లగా పైకి తిప్పుతాను... ఇంకొంచెం... ఇక్కడ కలిసింది. రెండు దాటింది, రెండున్నరకి ఇంకా చాలా దూరం ఉంది. ఇది నా దగ్గరున్న 1997 సీడీ, మూడు ట్రాకుల టేపుల నుంచి కొత్తగా మిక్స్ చేసి స్పీడు సరిచేసింది. దీంట్లో నాబ్ ముట్టుకోకుండానే రెండులో కలుస్తుంది. టర్న్‌టేబుల్ తప్పేమో అనుకునేవాళ్ళ కోసం ఇదే ప్లేటు రెండో సైడ్ తిప్పి ఏప్రిల్‌లో వాయించిన ఆల్ బ్లూస్ పెట్టి చూశాను. సీడీతో సరిగ్గా సరిపోయింది. అంటే ఈ కంపెనీ వాళ్ళు పాత టేపు కాపీనే తెచ్చి మొదటి సైడ్ తయారుచేసేశారు. కవర్ నాలుగు వైపులా చదివాను, ఏ టేపు వాడారో, స్పీడు సరిచేశారో లేదో ఒక్క ముక్క లేదు. 1992 నుంచీ అందరికీ తెలిసిన విషయం ఇది! కొత్తగా ప్రెస్ చేసేటప్పుడు ఈ మాత్రం చూసుకోరా? నాకు నిజంగా కోపం వచ్చింది.

ఇంత కోపం ఎందుకంటే, ఆ మొదటి సైడ్‌లో ఉన్నది అంత విలువైనది. సో వాట్ వాయిస్తుండగా బేస్ శబ్దానికి డ్రమ్ కింద స్నేర్ తీగలు వణుకుతున్నాయని, టేపులో పడుతోందని ప్రొడ్యూసర్ ఇర్వింగ్ టౌన్‌సెండ్ ఆపాడు. అదీ పాటలో భాగమేలే అన్నట్టు మైల్స్ వదిలేయమన్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఆ సన్నటి జర్రుమనే చప్పుడు ఇప్పటికీ తెలుస్తుంది. ఇంకా కాసేపటికి మైల్స్ సోలో మొదలయ్యే చోట డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ (డ్రమ్స్‌తో ఉండే తాళం లాంటి పళ్ళెం) మీద ఒక్క దెబ్బ వేస్తాడు. గట్టిగా కొట్టేశానేమో అనుకున్నానని ఆయనే తర్వాత చెప్పాడు. ఆ దెబ్బ అంత పెద్ద హాల్లో అలా గాల్లో నిలబడి, మెల్లగా, చాలా మెల్లగా ఆరిపోతుంది, దాని కిందనుంచి ట్రంపెట్ వస్తుంది. నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, ఒళ్ళు జలదరించకుండా ఒక్కసారీ వినలేదు. ఆ ఆరిపోవడం ఎంతసేపో అంతసేపూ ఉండాలి. ఈ ఎల్పీలో అది తొందరపడుతోంది.

రెండో సైడ్‌కి మాత్రం ఏ వంకా పెట్టలేను. ఆల్ బ్లూస్‌లో బిల్ ఎవాన్స్ పియానో మీద వేసే ఆ వణుకు చాలా బాగా దిగింది. సాక్సఫోన్లతో ఎడమ వైపు జాన్ కోల్ట్రేన్, కుడి వైపు కానన్‌బాల్ ఆడర్లీ, ఇద్దరూ గదిలో నిలబడ్డట్టే ఉంది. ఫ్లమెంకో స్కెచెస్‌లో ఐదు స్వర వరుసలు ఉంటాయి, ఒక్కో వరుస మీద ఎంతసేపు ఉండాలన్నది వాయించేవాళ్ళ ఇష్టం, ఇష్టమైనంత సేపు ఆగి తర్వాతదానికి వెళ్తారు. 1959లో వచ్చిన మొదటి కాపీల్లో ఈ రెండు పాటల పేర్లు తారుమారుగా అచ్చయ్యాయి, దీంట్లో సరిగ్గానే వేశారు. పేర్లు సరిచేసినవాళ్ళు శ్రుతి ఎందుకు సరిచేయలేదో!

కొనొద్దు. సగం ఎల్పీ బాగుంది కదా అని పది మార్కుల్లో ఐదు ఇవ్వడం నావల్ల కాదు. ఈ ఆల్బం మొదటిసారి వినేవాళ్ళయితే 1997 సీడీ గానీ, ఆ మిక్స్‌తో స్ట్రీమింగ్‌లో దొరికేది గానీ వినండి. ఎల్పీయే కావాలంటే, కొనే ముందు మొదటి సైడ్ స్పీడు సరిచేసిందేనా అని షాపులో అడగండి, తెలియదంటే వదిలేయండి. ఈ ప్లేటు నాకు పంపినవాళ్ళకి ఇదంతా నిన్ననే మెయిల్ పెట్టాను, ప్లేటు తిరిగి పంపిస్తున్నానని కూడా రాశాను. వాళ్ళ దగ్గర్నుంచి జవాబు వస్తే పిన్ చేసిన కామెంట్‌లో పెడతాను. నేనిక వయొలిన్ తీగలు మళ్ళీ రెండుకి దించుకోవాలి, ఉంటాను.