ప్రవేశం ఉచితం సరే, ఖర్చు సంగతి ఎవరు చెబుతారు?

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

నల్గొండలో క్లాక్ టవర్ దగ్గర గోడలు చూడండి. కూటాల పోస్టర్లే. పైన ప్రసంగీకుడి ఫొటో, కింద వరుసగా రోగులకు స్వస్థత, అప్పుల నుంచి విడుదల, చివర్లో ప్రవేశం ఉచితం. నేను ఎగతాళి చేయడం లేదు. మిత్తి కట్టలేక తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నవాడికి "విడుదల" అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో మనకు తెలుసు. కానీ యేసు ప్రభువు మనుషులను ఇలా పిలవలేదు. ఈ రోజు వీడియో దాని గురించే.

లూకా సువార్త 14వ అధ్యాయం, 25వ వచనం నుంచి చదవండి. జనం గుంపులు గుంపులుగా ఆయన వెంట వస్తున్నారు. మన దగ్గరైతే ఇంకో రెండు సౌండ్ బాక్సులు తెప్పించి, కానుకల సంచి రెండోసారి తిప్పుతాం. ఆయన వెనక్కి తిరిగి ఏమన్నాడు? తల్లి, తండ్రి, భార్య, పిల్లలు, చివరికి సొంత ప్రాణం, వీటన్నిటి కంటే నేను ముందు కాకపోతే నా వెంట రాలేవు అన్నాడు. సిలువ మోయకపోతే కుదరదన్నాడు. కలిగినదంతా విడవకపోతే కుదరదన్నాడు. "నా శిష్యుడు కానేరడు" అన్న మాట ఆ కాసిన్ని వచనాల్లో మూడుసార్లు వస్తుంది. గుంపు పలచబడితే పడనీ అన్నట్టే ఉంది మరి.

మధ్యలో ఆయన చెప్పిన పోలిక పాలమూరు వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందే కూర్చుని లెక్క చూసుకోడా అంటాడు. ముంబై, పుణె, హైదరాబాద్ అపార్టుమెంట్ల కింద ఎంతమంది మహబూబ్‌నగర్ మనుషుల చెమట ఉందో మీకు తెలుసు. సిమెంటు ఎన్ని బస్తాలు, ఇనుము ఎంత, కూలీ ఎంత, ఈ లెక్క తెలియని మేస్త్రీ ఉండడు. అదే మేస్త్రీ సొంతూళ్లో ఇల్లు మొదలుపెట్టి పిల్లర్ల దగ్గర ఆగిపోతే, తుప్పు పట్టిన చువ్వలు చూసి దారినపోయే ప్రతివాడూ ఒక మాట అంటాడు. "మొదలుపెట్టిండు గానీ పూర్తి చేయలేకపోయిండు." లూకాలో జనం నవ్వేది కూడా దాదాపు ఇదే మాట అని.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. మన దగ్గర విశ్వాసికి పడే ఖర్చు ఎలా ఉంటుంది?

దేవరకొండ వైపు ఒక అక్క నాతో చెప్పింది. అత్తగారింట్లో ఆమె ఒక్కతే చర్చికి వెళ్తుంది. ముత్యాలమ్మ బోనాల రోజు తెల్లవారుజామున లేచి ఇల్లంతా కడిగింది, వచ్చిన చుట్టాలందరికీ వండింది, బోళ్లు తోమింది. బోనం మాత్రం ఎత్తనంది. అత్త ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి కోడలు పోసిన చాయ్ ముట్టదు, తానే వేరుగా పెట్టుకుంటుంది. అంతే. కొట్టలేదు, వెళ్లగొట్టలేదు. "హింస" అనగానే సంచికల్లో అచ్చయ్యే పెద్ద కథలే మనకు గుర్తుకొస్తాయి. ఒకే కప్పు కింద రోజూ వేరుగా మరిగే ఆ చాయ్ ఏ సాక్ష్యంలోనూ రాదు.

రెండో ఖర్చు కాగితం మీద ఉంటుంది. దీని గురించి ప్రసంగాల్లో ఎవరూ నోరు విప్పరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవులుగా మారిన దళితులు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. అక్కడ రిజర్వేషన్ 1 శాతం, ఎస్సీలకు 15 శాతం. అందుకే ఆదివారం ఒక పేరు, తహసీల్దార్ ఆఫీసులో ఇంకో పేరు. నిజం చెబితే బిడ్డ సీటు పోతుంది, చెప్పకపోతే మనసు పొడుస్తుంది. నా అభిప్రాయం దాచను. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో కులం ఊడిపోదు, కాబట్టి ఆ నియమం అన్యాయం. అలాగని ఆ పిల్లలను పుల్పిట్ ఎక్కి అబద్ధికులు అని గద్దించే పెద్దలు, ముందు తమ పిల్లల సర్టిఫికెట్ తీసి చూసుకుంటే మంచిది.

మన పెద్దవాళ్లకు ఈ లెక్క ముందే చెప్పారు. 1866 తర్వాత ఒంగోలు చుట్టూ అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో చేరిన మాదిగ విశ్వాసులకు పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఊరి పని చేసి గింజలు తెచ్చుకునే మనిషి ఆదివారం రానంటే ఆసామి ఊరుకుంటాడా? అది తెలిసే దిగారు వాళ్లు. ఆ బాప్టిస్టు మిషన్‌తో కలిసే 1890లో అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు రష్యా నుంచి నల్గొండ వచ్చారు. తర్వాత అమెరికా నుంచి మెన్నొనైట్ బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ వాళ్లు పాలమూరులో పని మొదలుపెట్టారు, మనం ఎంబీ చర్చి అంటామే, అది. వాళ్లలో డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో వచ్చి, రోగులను చూస్తూ చూస్తూ 1945లో శంషాబాద్‌లోనే కన్నుమూసింది. ఆమె గురించి చదువుకోవచ్చు. ఇలాంటి దొరసానుల పక్కన ఎండలో నడిచి, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పి, అయినవాళ్లతోనే మాటలు పడ్డ మన బైబిల్ స్త్రీల పేర్లు మాత్రం చాలావరకు ఎవరూ రాసిపెట్టలేదు. వాళ్ల ఖర్చు ఎవరి ఖాతాలోనూ లేదు.

ఖర్చు ఉంటుందని చెప్పడంతో మన పని అయిపోదు. "కలిగినదంతా" అన్న మాట ఒక్క కోడలికేనా, సంఘం బ్యాంకు ఖాతాకు వర్తించదా? ఆ అక్క చర్చిలో కొత్త గోపురానికి లక్షలు పోగయ్యాయి. బోనాల రోజు ఆమె ఇంటికి మాత్రం ఒక్కరూ పోలేదు. ధైర్యంగా నిలబడమని మైకులో చెప్పడం తేలిక. నిలబడ్డాక పక్కన కూర్చోవడానికి మనిషి కావాలి, ఒక్కోసారి ఫీజు కట్టడానికి డబ్బు కావాలి. ఒక్కరి నెత్తిన మొత్తం మోపి దానికి శిష్యత్వం అని పేరు పెడితే నేను ఒప్పుకోను.

పాస్టరు అన్నలకు ఒక విన్నపం. ఈసారి బాప్తిస్మం తరగతిలో లూకా 14 చదవండి. చదివి, ప్రార్థన అని వెంటనే లేవకండి. వాళ్లను అడగనివ్వండి. బోనం గురించి అడుగుతారు, సర్టిఫికెట్ గురించి అడుగుతారు, రేపు నా బిడ్డకు సంబంధం ఎక్కడ దొరుకుతుంది అని అడుగుతారు. జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పండి. ఒక నెల ఆగుతాను అన్నవాళ్లను ఆగనివ్వండి, మీ లెక్కలో ఒక బాప్తిస్మం తగ్గితే ఏమీ కాదు.

సంబంధాల మాట వచ్చింది కాబట్టి, వచ్చే వీడియో దాని మీదే. చర్చిలో పక్కపక్కనే మోకరించేవాళ్లు పెళ్లి దగ్గరికి వచ్చేసరికి మాల, మాదిగ అని ఎందుకు వేరవుతున్నారు? మీ ఊళ్లో ఎలా ఉందో కామెంట్లలో రాయండి, పేర్లు మాత్రం వద్దు.