మీ బొక్కలకు పానముంది: నిలబడి చూసే వీడియో

అందరికి నమస్తే. కూసున్నోళ్లు జర లేవుండ్రి, ఈ వీడియో నిలబడి చూసేది. పట్టుకోనీకి పక్కన గోడ ఉండాలె. పెద్దమనుషులైతే ఇంకొకరిని దగ్గర పెట్టుకోండ్రి. నడుముకు ఆపరేషన్ అయినోళ్లు, కడుపుతోని ఉన్నోళ్లు చేయొద్దు, చూస్తే చాలు.

మొదటిది. మోకాళ్లు మడవకుండ ముందుకు వంగి కాలివేళ్లు ముట్టుకోండ్రి. బలవంతం వద్దు, పోయినకాడికే. ఆ, లేవుండ్రి. రెండోది. నోరు మూసుకొని గదుమను ఎదకు ఆనించుండ్రి. మూడోది. రెండు చేతులు పక్కలకు చాపి, మోచేతులకాడ మడిచి, తల వెనక ముట్టుకోండ్రి. అంతే, ఇగ కూసోవచ్చు.

బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ అనే ఖనిజం ఎక్కువుండి బొక్కలు చెడే ఊర్లల్ల ఎక్స్‌రే దాకా పోకముందు చేయించి చూసే పరీక్షలు ఇవే. నడుము, మెడ, భుజాలు పట్టేసినయా లేదా అని చూసుడు. వంగరాలేదని భయపడకుండ్రి. పొట్ట అడ్డమొచ్చినా వంగరాదు, ఆ సంగతి నాకు బాగ తెలుసు. వయసు మీద పడ్డా, కీళ్లవాతమున్నా రాదు. కాని ఏండ్లసంది బోరు నీళ్లు తాగుతున్నోళ్లు, ఒకప్పుడు మంచిగ వంగి ఇప్పుడు వంగలేకపోతుంటే, డాక్టరుకు చూపెట్టుకోండ్రి.

ఇప్పుడు అసలు ముచ్చట. చెడ్డ నీళ్లు తాగితే కడుపు నొయ్యాలె గని, నడుము ఎందుకు పట్టాలె?

బొక్క అంటే పానం లేని వస్తువనుకుంటం. మనిషి పోయినంక మిగిలేది అదే గద, అందుకే అట్లనిపిస్తది. కాని లోపలున్న బొక్కల నెత్తురు పారుతది, నరాలుంటయ్, కణాలు రాత్రింబవళ్లు పని చేస్తుంటయ్. అండ్ల రెండు బ్యాచులు. ఒక బ్యాచు పాత బొక్కను కరిగించి కూలగొడ్తది, వీటిని ఆస్టియోక్లాస్టులు అంటరు. ఇంకో బ్యాచు అదే గుంతల కొత్త బొక్క కడ్తది, అవి ఆస్టియోబ్లాస్టులు. ఒక్కో జాగల కూల్చుడు రెండు మూడు వారాలల్ల అయిపోతది. కట్టుడుకు మూడు నెలలైనా పడతది. పాత ఇల్లు తీసి కొత్తది కట్టుకున్నోళ్లకు ఇది నేను చెప్పే పని లేదు.

పెద్దోళ్ల ఒంట్ల ఏడాదికి పదోవంతు బొక్క ఇట్ల మారిపోతది. బరువు ఎక్కడ పడితే అక్కడ గట్టిగ కడ్తయ్. టెన్నిస్ ఆటగాళ్లకు ఆడే చేతి బొక్క రెండో చేతి కంటే మందంగ ఉంటది. అంతరిక్షంల బరువే తెల్వదు గనుక, సరైన కసరత్తు లేకుంటే వ్యోమగాముల తుంటికాడ నెలకు ఒక శాతం పైనే బొక్క తగ్గుతది.

ఊకె ఎందుకు కూల్చుడు అంటరా? సన్న పగుళ్లు బాగు చేసుకోనీకి ఒకటి, కాల్షియం కోసం ఇంకొకటి. ఒంట్ల కాల్షియంల 99 శాతం బొక్కలల్ల, పండ్లల్లనే ఉంటది. గుండె కొట్టుకోవాలన్నా, కండ బిగియాలన్నా నెత్తుట్ల ఉన్న ఆ కొంచెమే ఆధారం. అది జర తగ్గిందంటే మెడల థైరాయిడ్ వెనకున్న నాలుగు చిన్న గ్రంథులు పసిగట్టి హార్మోన్ ఇడుస్తయ్, బొక్కలల్లకెళ్లి కాల్షియం బయటికొస్తది. మజ్జ ముచ్చట ఈడ పెట్టుకోను, సెకనుకు 20 లక్షల దాకా ఎర్ర రక్తకణాలు పుట్టే జాగ అది, దానికి వేరే వీడియో కావాలె.

ఇగ మన నల్లగొండకొద్దాం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు దిక్కు భూమి లోపలంత గ్రానైట్. ఆ బండ పగుళ్లల్ల నీళ్లు ఏండ్లకేండ్లు నిలిచి, అండ్ల ఉన్న ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటయ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దిక్కు కొన్ని బోర్లల్ల అంతకు ఎన్నో రెట్లు తేలింది.

తాగిన ఫ్లోరైడ్ నెత్తుట్లకెక్కుతది. పెద్దోళ్లల్ల సగం దాకా మూత్రంల పోతది. మిగతాది కొత్త బొక్క తయారయ్యేకాడికి పోయి, బొక్క ఖనిజంల హైడ్రాక్సిల్ అనే ముక్క ఉండాల్సిన జాగల కూసుంటది. రెండిటి సైజు దగ్గరదగ్గర ఒకటే గనుక ఇమిడిపోతది. పిల్లల బొక్కలు ఇంకా పెరుగుతుంటయ్ గద, వాళ్లల్ల ఇంకా ఎక్కువ ఆగుతది.

నాకు అన్నిటికంటే వింతనిపించేది ఇది. ఆ బొక్క ఎక్స్‌రేల పల్చగ కనపడదు, మామూలు బొక్క కంటే తెల్లగ, దిట్టంగ కనపడతది. కాని పెళుసు. అంతటితోని ఆగదు. బొక్కకు బొక్కను పట్టి ఉంచే లిగమెంట్లు, వంగాల్సినవి, అవి గూడ బొక్కలెక్క గట్టిపడతయ్. వెన్నుల అదే జరిగితే మనిషి పక్కకు చూడాలన్నా ఒళ్లంత తిప్పాల్సొస్తది. ఇందాక మీతోని మెడ వంచిపిచ్చింది అందుకే.

పండ్ల కత ఉల్టా. పంటి పైపొరల, అంటే ఎనామిల్‌ల, బతికున్న కణాలుండయ్. చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే, సుమారు ఎనిమిదేండ్ల లోపల్నే, మచ్చ పడేదుంటే పడతది. అందుకే పెద్దయినంక ఈ దిక్కు కోడలుగ వచ్చినామెకు పండ్లు తెల్లగనే ఉంటయ్, బొక్కలు మాత్రం తప్పించుకోవు. పండ్లు చూసి నిమ్మళంగ ఉండొద్దు.

కూల్చుడు ఆగదు గనుక, మంచినీళ్లకు మారితే బొక్కలల్ల పేరుకున్నది గూడ మెల్లమెల్లగ, ఏండ్ల మీద, బయటికి పోతుంటది. వంకర తిరిగిన కాళ్లు, బిగిసిన వెన్ను మాత్రం మళ్ల సాపు కావు. 2015ల చౌటుప్పల్‌ల పైలాన్ లేపిన మిషన్ భగీరథతోని కృష్ణ నీళ్లు ఊర్లకొచ్చినయ్, అది పెద్ద మార్పే. అయినా పొలంకాడ బోరు నీళ్లు తాగేటోళ్లు ఇంకా ఉన్నరు.

వాళ్లకు చెప్పేది. కాగబెడితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్ది ఇంకింత చిక్కబడతది. గుడ్డల వడగట్టినా పోదు. పటిక, సున్నం వేసి తీసే పద్ధతిని 1970లల్ల నీరి అనే పరిశోధన సంస్థ తయారుచేసింది, వేరే దేశాలల్ల గూడ దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే అంటరు. కాని ఇంట్ల అందాజగ చేయకుండ్రి. పటిక మోతాదు నీళ్లను బట్టి మారుతది.

ముందు నీళ్లు పరీక్షకియ్యండ్రి. బోరు కొద్దిసేపు పోనిచ్చి, అవే నీళ్లతోని ప్లాస్టిక్ బాటిల్‌ను రెండు మూడుసార్లు కడిగి, నిండ పట్టి మూత బిగించుండ్రి. గాజుది వద్దు, ఫ్లోరైడ్ గాజుతోని కలిసి లెక్క తప్పుతది. ఊరు పేరు, బోరు ఉన్న జాగ, తారీఖు మీద రాసి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌ల ఇయ్యండ్రి. వానలైనంక ఒకసారి, నడి ఎండాకాలం ఒకసారి ఇస్తే మంచిది, ఒక్క బోరుకే రెండు కాలాలల్ల రెండు లెక్కలు రావచ్చు.